మూడో వీధి వాన

వాతావరణ కేంద్రంలో ఉత్తరాలు చూసే పెద్దవారికి మూడో వీధి లాండ్రీవాడు నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మీరు కొత్తగా ఏ వీధికి ఆ వీధి వాన కబురు ఫోన్లకు పంపుతున్నారు. కింద చిన్న అక్షరాల్లో "ప్రజలు తమ అభిప్రాయాలు ఉత్తరం ద్వారా తెలపవచ్చు" అని రాశారు. ఇన్నేళ్ళ బతుకులో నా అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. మా ఇంట్లో అయితే అడక్కుండా చెప్పినా వినరు. అందుకే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వెంటనే కాగితం తీశాను.

ముందు నా సందేహం. నిన్న "మూడో వీధిలో వాన నలభై శాతం" అని వచ్చింది. అంటే నలభై శాతం ఇళ్ళమీద పడుతుందనా, వీధంతా నలభై శాతం గట్టిగా పడుతుందనా? మొదటిదే అయితే ఏ చివరనుంచి లెక్కపెట్టారో చెప్పాలి. మా షాపు ఇటు చివర, ఎదురు వరసలో బేకరీ అటు చివర. వీధి తనవైపే మొదలవుతుందని బేకరీ ఆయన, కాదు నావైపని నేను, నిన్నంతా పనులు మానుకుని వాదించుకున్నాం. వాన మాత్రం ఎవరివైపూ రాలేదు.

మీకిది చిన్న విషయంగా కనిపించవచ్చు. మాకు షాపు కింద, బట్టలారేసే తాళ్ళు మేడమీద. ఉతికిన బట్ట ఎండలో ఆరాలన్నది నా సిద్ధాంతం. ఆరబెట్టే యంత్రం కొనాలన్నది మా ఆవిడ సిద్ధాంతం. ఆ మధ్య తడిబట్టల గంపతో మెట్లెక్కుతుంటే కాలు జారి నా మోకాలు వాచింది. అంతే జరిగింది, దానికే ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ వానాకాలమంతా మీ కబురు నమ్మి బట్టలు ఆరేస్తాను. ఒక్క బట్ట ముక్కిన వాసన వేస్తోందని ఎవరైనా తిరిగి తెచ్చారంటే తాళ్ళు విప్పేయాలి, యంత్రం తేవాలి. కాబట్టి నా మేడ ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. జాగ్రత్తగా లెక్కవేయండి.

ఇట్లు,
సైన్సు మీద గురి ఉన్న
మూడో వీధి లాండ్రీవాడు

తా.క. నలభై శాతం అంటే వాళ్ళకీ తెలియదని అర్థం అంటోంది మా ఆవిడ. ప్రజల్లో ఆవిడా ఒకరు కాబట్టి రాశాను.

&nbsp;

లాండ్రీ యజమాని గారికి,

నమస్కారం. ఈ పథకం మొదలయ్యాక మాకు అందిన మొదటి ఉత్తరం మీది. ఉత్తరాల విభాగమంటే ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. మీ సమాచారం కోసం, నేను అయ్యను కాను, అమ్మను.

ఆకాశం నిన్నటిలా ఉన్న రోజులు పది తీసుకుంటే వాటిలో నాలుగు రోజులు వాన పడుతుందని నలభై శాతానికి అర్థం. వీధి ఎటు మొదలైనా దీనికి సంబంధం లేదని బేకరీ వారికి కూడా చెప్పగలరు.

వీధి వీధికీ కబురు చెప్పాలంటే వీధి వీధిలోనూ వాన కొలవాలి. మీకు ఆసక్తి ఉన్నట్టుంది కనుక వానకొలత డబ్బా ఒకటి పంపుతున్నాను. మేడమీద పెట్టండి. లోపల పడ్డ నీటిని కొలిచి లెక్క దానంతటదే మాకు పంపుతుంది. ఆ లెక్కలు చూసి మా కొత్త కంప్యూటరు మీ వీధి స్వభావం నేర్చుకుంటుంది.

భవదీయురాలు,
ఉత్తరాల విభాగం అధికారిణి

తా.క. మీ ఆవిడ గారి అభిప్రాయం మా పెద్దసారుకు చదివి వినిపించాను. ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం ఒకసారి చూసి వచ్చారు.

&nbsp;

వాన కబురు చెప్పే అమ్మగారికి లాండ్రీవాడి దండాలు.

అయ్యా అన్నందుకు మన్నించాలి. డబ్బా అందింది. ప్రభుత్వం నాకు పన్ను కాగితం కాకుండా ఇంకొకటి పంపడం ఇదే మొదలు. ఎక్కడ పెట్టాలా అని ఆకాశంకేసి చూస్తూ మేడంతా తిరుగుతుంటే మా ఆవిడ "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, గాలికి పడిపోకుండా ఓ మూలన పెట్టేసింది. సైన్సంటే మూతి తిప్పే మనిషి, రోజూ పైకెళ్ళి దాన్ని గుడ్డతో తుడిచి వస్తోంది. మార్పు ఇంట్లోనే మొదలవుతుందంటే ఇదే కాబోలు.

ఇక అసలు సంగతి. డబ్బా పెట్టిన రోజు బట్టలారేశాను, అప్పడాల్లా ఆరాయి. మర్నాడు మీరు "వాన ఎనభై శాతం" అన్నారు. ఆరేయలేదు. షాపులోనే ఫ్యాను కింద వేలాడదీసి కుర్చీలో కూర్చున్నాను. చినుకు లేదు. ఆ మర్నాడు "పది శాతం" అన్నారు. ఆరేశాను, ఆరాయి. తర్వాత రోజు మళ్ళీ ఎనభై. మళ్ళీ కుర్చీ, మళ్ళీ ఎండ. అప్పటినుంచీ ఇదే వరస.

దీనిమీద నా అభిప్రాయం ఏమిటంటే, వాన కూడా కొందరు చుట్టాల్లాంటిది. ఎదురు చూస్తున్నామని తెలిస్తే రాదు. మీరు ముందే చాటింపు వేస్తుంటే దానికి బిగువు పెరుగుతోంది. ఇందులో ప్రభుత్వానికి పనికొచ్చే సలహా ఒకటి ఉంది. రైతులకు వాన కావాల్సినప్పుడు పొరపాటున కూడా వాన అని చెప్పకండి. వరదలొచ్చేట్టుంటే మాత్రం గట్టిగా చెప్పండి.

ఇట్లు,
మీ కబురు నమ్ముకున్న లాండ్రీవాడు

తా.క. ఎనభై శాతం అన్న రోజున బేకరీ ఆయన పొద్దుటినుంచీ గొడుగు వేసుకునే తిరిగాడు. ఎండకు బాగా పనికొచ్చిందట. మీ శాఖను మెచ్చుకున్నాడు.

&nbsp;

లాండ్రీ యజమాని గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి మా లెక్కలు తిరగేశాను. విషయం విచిత్రంగా ఉంది. మీరు ఎండ కాసిందని రాసిన రోజుల్లోనే, పొద్దున పూట, మీ డబ్బాలో మంచి వాన నమోదైంది. మేము వాన అని చెప్పిన రోజుల్లో చుక్క కూడా పడలేదు. డబ్బాలో లోపం లేదు, ఇక్కడ పరీక్షించాకే పంపాం.

పక్క వీధుల్లో ఏమీ లేదు. ఒక్క మీ మేడమీదే వాన. మా కంప్యూటరు తన సర్వీసులో ఇలాంటిది చూడలేదు, అయితే దాని సర్వీసు మొదలై రెండు నెలలే అయింది. పెద్దసారు మాత్రం చాలా ఉత్సాహంగా ఉన్నారు. గోడమీది నల్లబల్లపై చిన్న మబ్బు బొమ్మ గీసి దాని కింద మీ షాపు బొమ్మ గీశారు. ఒక వీధిమీద మాత్రమే కురిసే వానను లోకంలో ఎవరూ వర్ణించలేదని ఆయన అంటున్నారు.

ఆ ఉదయాల్లో మీరు మేడమీదే ఉన్నారు కదా. వాన పడినట్టు అనిపించిందా? బాగా గుర్తు చేసుకుని రాయండి.

భవదీయురాలు,
ఉత్తరాల విభాగం అధికారిణి

తా.క. మొహమాటపడకుండా చెప్పండి. మీరు తడిశారా?

&nbsp;

వానమ్మగారికి లాండ్రీవాడు రాసేది.

మీ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. తడిసిన మాట నిజం. బట్టలు ఆరేసి దిగేసరికి చొక్కా రోజూ తడిసే ఉంటుంది. తడిబట్టలు మోసేవాడు తడవక ఏమవుతాడని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. కొంపదీసి ఇన్నేళ్ళుగా నామీద వాన పడుతోందా?

నిన్న పరిశోధన చేశాను. ఒక చేత్తో దుప్పటి పట్టుకుని నాలుక బయటపెట్టి నిలుచున్నాను. ఏమీ తగల్లేదు. బేకరీ ఆయన్ని పిలిచి నిలబెట్టాను. ఆయనకూ ఏమీ తెలియలేదు గానీ ఇంటికెళ్ళి రెండుసార్లు తుమ్మాడట. ఒంటికి తెలియని సన్నవాన ఒకటి ఉందేమో పెద్దసారును అడగండి.

ఇంకో సంగతి. మీ లెక్కలు పురపాలక సంఘానికి కూడా వెళతాయట గదా. మూడో వీధి ముంపు ప్రాంతమని తేల్చి పెద్ద కాలువ తవ్వుతున్నారు. మా గుమ్మంముందు పలక వేశారు, దానిమీంచి నడిచి షాపులోకి రావాలి. వీధిలో రెండు పక్షాలయ్యాయి. వాన లేకుండా కాలువెందుకని ఒక పక్షం, ఎన్నేళ్ళు మొరపెట్టుకున్నా రాని కాలువ వచ్చింది, నోరు మూసుకోండని ఇంకో పక్షం. నేను రెండో పక్షం. ప్రభుత్వం పొరపాటున మంచి చేస్తున్నప్పుడు సరిదిద్దకూడదని నా అభిప్రాయం.

నా మేడ సంగతే దిగులుగా ఉంది. రోజు విడిచి రోజు షాపులో ఆరేస్తే దుప్పట్లు బరువుగానే ఉంటున్నాయి. హోటల్ మనిషి నిన్న ఒక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. మళ్ళీ మడిచి తీసుకెళ్ళాడు.

ఇట్లు,
తడిశాడో లేదో తెలియని లాండ్రీవాడు

తా.క. మా ఆవిడనూ అడిగాను, నువ్వేమైనా తడిశావా అని. "నేను కింద ఉతుకుతుంటాను. పైసంగతి మీకే తెలియాలి" అంది. ఆవిడకు పరిశోధన మీద బొత్తిగా ఆసక్తి లేదు.

&nbsp;

లాండ్రీ యజమాని గారికి,

నమస్కారం. మొన్న మా ఇంజనీరు వచ్చినప్పుడు మీరిద్దరూ చూపిన ఆదరణకు కృతజ్ఞతలు. ఆ రోజు మా కబురు ఎనభై శాతం కావడంవల్ల మీరు బట్టలు ఆరేయలేదట, మేడంతా ఖాళీగా ఉండి పరిశీలన సులువైందట. డబ్బా సరిగ్గా ఉందనీ, పైన ఖాళీ తాళ్ళు, ఆకాశం తప్ప ఏమీ లేవనీ రాసిచ్చారు.

డబ్బా అడుగున మిగిలిన నీళ్ళు ఆయన సీసాలో తెచ్చారు. ప్రయోగశాలలో చూస్తే ఆ నీళ్ళలో సబ్బు ఉంది. నీలిమందు కూడా ఉంది.

పెద్దసారు పొద్దుటినుంచీ కుర్చీలో కూర్చోలేదు. ఊరి చివర ఉన్న సబ్బుల ఫ్యాక్టరీ పొగే మబ్బయి మీ వీధిమీద కురుస్తోందని తేల్చారు. ఫ్యాక్టరీకి నోటీసు టైపు చేయించారు, సంతకం ఒక్కటే మిగిలింది. పెద్ద సభలో దీనిమీద ప్రసంగం కూడా సిద్ధం చేస్తున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. కానీ కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. మీకేమైనా తోస్తే వెంటనే రాయండి.

భవదీయురాలు,
ఉత్తరాల విభాగం అధికారిణి

తా.క. ఆ వానకు బట్టలు మురికి పట్టవనీ, ఒకందుకు మీ వృత్తికి మంచిదేననీ పెద్దసారు మిమ్మల్ని ఓదార్చమన్నారు.

&nbsp;

వానమ్మగారికి నమస్కారాలు.

ఈసారి ఎక్కువ రాయలేను. హోటల్ వాళ్ళు దుప్పటి తిరిగి పంపారు. వాసన వేస్తోందన్నారు. నేనూ చూశాను, వేస్తోంది. మాట మాటే కాబట్టి మేడెక్కి నా చేత్తోనే తాళ్ళు విప్పాను. విప్పుతుంటే కొంచెం కష్టంగానే అనిపించింది. రేపు యంత్రం వస్తుంది.

నీలిమందు వాన గురించి నాకు పెద్ద అభిప్రాయమేమీ లేదు. ఆకాశం నీలంగా ఉన్నప్పుడు దాన్నుంచి రాలేది నీలంగా ఉంటే తప్పేముంది? ఫ్యాక్టరీ వాళ్ళ జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకండి. సంతకం నాలుగు రోజులు ఆగితే మునిగిపోయేదేమీ లేదు. పెద్దసారుకు ఎలాగోలా నచ్చజెప్పండి.

ఇట్లు,
లాండ్రీవాడు

తా.క. ఇవాళ చెప్పడానికేమీ లేదు.

&nbsp;

ఉత్తరాల విభాగం అమ్మగారికి లాండ్రీ వారి ఇంటావిడ నమస్కరించి రాసేది.

అమ్మా, మీరు నన్నెరగరు గానీ నా అభిప్రాయాలు ఎరుగుదురు. ఫ్యాక్టరీకి నోటీసు ఇస్తున్నారని మా ఆయన చెప్పారు. వెంటనే ఆపించండి. పాపం వాళ్ళకేమీ తెలియదు. ఆ సబ్బు మాది, నీలిమందు మాది, వాన కూడా మాదే.

మొదటిరోజు డబ్బాను గాలికి పడిపోకూడదని మూలన పెట్టాను. ఆయన బట్టలు ఆరేశాక చూద్దును గదా, పైతాడుమీద హోటల్ దుప్పట్లు, వాటి నీళ్ళు ధారగా డబ్బాలోకి. మర్నాడు పొద్దున్నే జరుపుదామని వంగాను. ఇంతలో ఫోను మోగింది, ఇవాళ వాన ఎనభై శాతమని. ఆ మాట విని ఆయన నెత్తిమీది గంప దించేశారు. మోకాలు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాక అన్ని రోజుల్లో ఆయన గంప దించింది అదే మొదటిసారి. డాక్టరు వద్దన్నాడు, వినలేదు. నేను ఏడ్చాను, వినలేదు. మీరు చెబితే విన్నారు. ముందురోజు దుప్పట్ల నీళ్ళు పడబట్టే ఆ కబురు వచ్చిందని తోచింది, ఇంక ఆ డబ్బాను జరపడానికి నాకు చేతులు రాలేదు. మీ ఇంజనీరుగారు వచ్చిన రోజు ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

యంత్రం వచ్చింది. డబ్బాను మేడ నడిమధ్యకు మార్చాను, ఇక మీకు ఆకాశం పంపిన నీళ్ళే వస్తాయి. మీకూ మీ సారుకూ చేసిన ఇబ్బందికి క్షమించండి. ఒక్క కోరిక. మా ఆయనకు ఈ సంగతి తెలియనివ్వకండి. సైన్సు మీద అంత గురి పెట్టుకున్న మనిషి, మనసు చివుక్కుమంటుంది.

ఇట్లు,
లాండ్రీ వారి ఇంటావిడ

తా.క. కాలువ పూడ్చమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఇంకో తా.క. అమ్మా, ఇది రాస్తున్నది ఆవిడ కాదు, లాండ్రీవాణ్ణి. ఉత్తరం పోస్టులో వేయమని నాకే ఇచ్చింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను, ఆవిరికి కవరు బంక దానంతటదే విడిపోయింది. ఇందులో నా తప్పేమీ లేదు, సైన్సు.

నీలిమందు అని మీరు రాసిన ఉత్తరం అందిన రోజే మేడెక్కి డబ్బా పక్కన కూర్చున్నాను. దుప్పటి కొసనుంచి నీళ్ళు పడుతుంటే చూశాను. జరుపుదామని చెయ్యి కూడా వేశాను. అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ పొద్దున పూట నేను పైన, తను కింద. మీరు వాన అన్న రోజుల్లోనే ఇద్దరం ఒకచోట కూర్చుని టీ తాగాం. డబ్బా జరిపితే మర్నాటినుంచీ ఎవరి మెట్టు వాళ్ళదే. అందుకే ఎక్కడిది అక్కడే వదిలేసి దిగొచ్చాను. మీకు అబద్ధం రాయలేక, నిజం రాయలేక కిందటి ఉత్తరం అలా తేల్చేశాను.

నాకు తెలుసని ఆవిడతో మాత్రం అనకండి. నన్ను మోసం చేశానని వారంనుంచీ తెగ మురిసిపోతోంది.