చాలన్న మాట

చెల్లెలు దీనమ్మకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నా దిగులు మాత్రం తగ్గలేదు. మనవరాలు జెస్లిన్ చేసుకుంటానన్న థాయిలాండ్ అబ్బాయి సంగతి రాశాను గదా. "నువ్వు సరే అంటేనే ముహూర్తం, అమ్మా" అన్నాడు మా రత్నబాబు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడికి దగ్గర్లోని హేస్ ఊళ్ళో, లాండ్రీ షాపు పక్కనే ఆ అబ్బాయి వాళ్ళమ్మ నడిపే హోటల్‌కి నన్నూ జెస్లిన్‌నీ తీసుకెళ్ళాడు.

కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర ఎంతో బాగుంది. ఇంకొంచెం వడ్డించనా అని ఆమె అడిగితే మొహమాటానికి చాలన్నాను. మనవాళ్ళలాగా మళ్ళీ అడుగుతుందనుకున్నాను. ఆమె ప్లేటు తీసేసింది. కూర నచ్చలేదనుకుందేమో, పిల్ల సంబంధం చెడగొట్టానేమోనని ఒకటే దడ.

మేం కారెక్కాక ఆమె పరుగున వచ్చి నా ఒళ్ళో వేడి కూర డబ్బా పెట్టింది.

"నానమ్మా, వాళ్ళ గ్రానీ కూడా నీలాగే, సేమ్ అంట. మూడుసార్లు అడగాలంట" అని నవ్వింది జెస్లిన్.

ఇల్లు చేరేలోపే డబ్బా ఖాళీ చేసి, రత్నబాబుకి సరే అన్నాను. వచ్చే ఆదివారం ఆమె మా ఇంటికి భోజనానికి వస్తోంది. ఆమె చాలంటే నిజంగా చాలనో కాదో నాకెట్లా తెలుస్తుందే?

మీ అక్క