మోకాలి నొప్పి వేషంలో నేను చేసిన తప్పు

వైద్య కళాశాల పరీక్షల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రోగి మాట వినే పరీక్షలో మూడో గది డాక్టరమ్మను ఫెయిలు చేయుట, తప్పు నాదని ఒప్పుకొనుట గురించి.

1. నేను బస్సు డ్రైవరుగా రిటైరైనవాడను. కాబోయే డాక్టర్లు రోగితో ఎలా మాట్లాడతారో, ఎలా వింటారో చూసే తమ పరీక్షలో రెండేళ్లుగా రోగి వేషం వేయుచున్నాను. ఈసారి నాకిచ్చిన కాగితంలో మోకాలి నొప్పి. ఎనిమిది నిమిషాలు.

2. మూడో గదిలో ఆ డాక్టరమ్మ "నిద్ర పడుతోందా తాతగారూ?" అని అడిగినది. "పడుతోంది" అనవలెనని కాగితంలో కలదు. నా నోటికేమొచ్చిందో, "నాకు పడుతోందమ్మా, మా అమ్మాయికే పట్టట్లేదు" అన్నాను. ఆమె కలం కింద పెట్టినది.

"ఇది కాగితంలోదా, మీ ఇంట్లోదా?"

"ఇంట్లోదే తల్లీ."

ఇక ఆగలేకపోయానయ్యా. నా కూతురికి కాన్పయి అప్పటికి నలభై రోజులు. బిడ్డను ముట్టదు. గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. "నేను లేకపోతేనే దీనికి మంచిది నాన్నా" అంటుంది. బాలింతలకు మామూలే, అదే పోతుందని మా ఆవిడా నేనూ ఊరుకున్నాము.

"అది జబ్బు తాతగారూ. నయమవుతుంది. ఈరోజే మా ఆసుపత్రికి తీసుకురండి, ఒంటరిగా మాత్రం వదలకండి" అన్నది. గంట కొట్టేశారు.

3. ఆ సాయంత్రమే తీసుకొచ్చాము. రెండు నెలలు మందులు వాడాము. మొన్న మంగళవారం నేను బిడ్డకు చొక్కా తిరగేసి తొడిగితే, "అన్నేళ్లు బస్సు ఎలా తోలావు నాన్నా, ముందేదో వెనకేదో తెలీదా?" అని బిడ్డను లాక్కొని, తనే తొడిగి నవ్వినది. అయ్యా, నవ్వినది! ఇది అర్జీలో రాయదగినది కాదని తెలుసు, కానీ రాయకుండా ఉండలేను.

4. ఆ సంతోషం చెప్పుకుందామని పరుగున వస్తే, ఆ డాక్టరమ్మ నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నది. బోర్డులో ఆమె పేరు ఎదుట ఇలా ఉన్నది: "వినుట: సున్నా. ఏ మోకాలో అడగలేదు." ఫెయిలవడం ఇది రెండోసారట, నెలాఖరుకు కోర్సు నుంచి పంపేస్తారట. అయినా నన్ను చూడగానే "మీ అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగినది. బాగుందని చెప్పడం కూడా మరచి, ఈ అర్జీకి కాగితం వెతుక్కుంటూ వెళ్లాను.

కావున, కాగితం తప్పినవాడను నేనే గనుక ఆ సున్నా నాకు వేసి, నన్ను వేషం నుంచి తొలగించి, ఆమెను మరో రోగితో మళ్లీ పరీక్షించవలెనను నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడో గది రోగి

తా.క.: కుడి మోకాలు, అయ్యా. అడిగితే చెప్పేవాణ్ణే. నేను ఏడుపు ఆపితే గదా ఆమె అడిగేది!