క్యాలెండర్ మీద నంబరు

మంగళవారం, రాత్రి

పొద్దున కరెంటు పోయి వచ్చాక మా ఆయన ల్యాప్‌టాప్‌లో ఆఫీసు డేటాబేస్ తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి రిపోర్టు పంపాలి. వాళ్ల టీమ్ లీడ్‌తో ఫోన్‌లో, "మా ఇంటామె ఊడ్చుకుంట వైఫై డబ్బ కదిలిచ్చినట్టుంది సార్" అన్నాడు. ఇవాళ నేను ఆ డబ్బా ఉన్న గదిలో చీపురే పట్టలేదు.

పోయిన నెల ఇలాగే అయింది. మా ఇంటి ఇంటర్నెట్ నంబరు ఆఫీసు కంప్యూటర్లకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఉంటేనే లోపలికి రానిస్తుందని అప్పుడు ఆయనే చెప్పి, దాన్ని నాచేత వంటింటి క్యాలెండర్ మీద రాయించాడు. ఇవాళ స్క్రీన్ మీద ఎర్రగా ఒక వాక్యం, అందులో ఒక నంబరు. నాకు ఇంగ్లిషు రాదు, అంకెలు వస్తాయి. క్యాలెండర్ మీద నేను రాసినదానికీ దీనికీ చివరి మూడు అంకెలూ వేరు.

"నంబర్ మారింది, జర చూడుండ్రి."

"ఏడో తరగతి చదివినదానికి ఫైర్‌వాల్ తెలుస్తదా? పో, చాయ్ పెట్టు."

చాయ్ పెట్టలేదు. క్యాలెండర్ తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. చూసి, కొత్త నంబరు ఆఫీసుకు పంపాడు. పది నిమిషాల్లో తెరుచుకుంది. "నేనే కనిపెట్టిన సార్" అన్నాడు ఫోన్‌లో.

ఫోన్ దగ్గరకు వంగి గట్టిగానే అన్నాను. "డబ్బ నేను కదిలియ్యలే సార్. నంబర్ మారిందని చెప్పింది గూడ నేనే."

అవతల ఆ లీడ్ నవ్వాడు. "అయితే ఇగ మీకే ఫోన్ చేస్తనమ్మా!"

అప్పటి నుంచి ఈయన మాట్లాడటం లేదు. రేపు కూడా మాట్లాడకపోతే... మాట్లాడకపోనీ. క్యాలెండర్ మీద పాతది కొట్టేసి కొత్త నంబరు రాశాను. పక్కన నా పేరు కూడా.