సైరన్ మోగితె డబ్బాలు పట్టుకోకు

జమునా, డ్యూటీకి పోతున్న. రెండింటికి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల బ్లాస్టింగ్ ఉన్నది. సైరన్ మోగంగనే బయటికి నడువు. నిన్న గోడలు ఊగుతుంటె నువ్వు ఇంట్లనే నిలబడి, అల్మార మీది నా సినిమా డీవీడీ డబ్బాలు రెండు చేతులతోని ఒత్తి పట్టుకున్నవంట, పక్కింటి కరీమున్నీసక్క చెప్పింది. రోజూ వాటిని తిట్టేదానివి, గింత పావురం, గింత ప్రేమ ఎప్పటిసంది? ఒక్కోటి లోకంల వెయ్యి కాపీలే ఉన్నయని డబ్బాల గురించి డబ్బా కొట్టింది నేనే, తప్పు నాదే. డిస్కు కోసం రిస్కు వద్దు. అన్ని దించి మంచం కింద పెట్టిన. ఇగ చేతులూపుకుంట బయటికి పో.

మరిచిన, నువ్వు చూస్తనన్న సినిమా దిండు మీద ఉన్నది. నువ్వు గంత కాపాడినంక, ఇన్నేండ్లు విప్పకుంట దాసిన సీలు ఉంచబుద్ధి కాలే, కోసిన. నేనొచ్చేదాక పెట్టకు. ఏడ్చే సీను కాడ పక్కన నేనుండాలె.