లావు తూటాదే మేలన్నాడు

వఫ్రా, 6-9-1990

గంగాదేవికి, నేను క్షేమం, ఒంటి మీద దెబ్బ లేదు.

ఇరాక్ సైన్యం వచ్చి నెల దాటింది. నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి పోయింది, తోటలో గొర్రెలతో నేనొక్కణ్ణే ఉన్నాను. మొన్న ఇరాక్ అధికారి ఒకడు వచ్చి, కఫీల్ గురిపందేలకు వాడే రెండు తుపాకులూ బయట పెట్టించాడు. వెయ్యి మీటర్లకు ఏది మంచిదని నన్నే అడిగాడు. ఐదేళ్లుగా గురిపలక కింద గుంటలో కూర్చుని, తూటా ఎక్కడ తగిలిందో చూపించేది నేనే కదా. సన్న తూటాదే మంచిది, ఇక్కడి గాలికి తక్కువ పక్కకు పోతుందని ఉన్నమాటే చెప్పాను. పోయిన చలికాలం కఫీల్ కప్పు గెలిచింది నా మాట విని దాంతో కాల్చే.

వాడు పగలబడి నవ్వాడు. “గొర్రెలు కాసేటోడివి, నీకేం తెలుసు? లావుదే మేలు. మా సైన్యం తూటాలూ ఇదే లావు, మీ తూటాల పెట్టె మాకెందుకు?” అని లావుదొక్కటే తీసుకుపోయాడు. అడగడమెందుకు, నవ్వడమెందుకు? ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

బర్రె ఈనిందా? నా కోసం బొంబాయి పోవద్దని మీ తమ్ముడు ఆంజికి చెప్పు. నువ్వు పెట్టెలో సర్దిన కార్డుల్లో ఇదే చివరిది. అమ్మాన్ మీదుగా ఇంటికి పోతున్న నర్సు ఏసమ్మ బొంబాయిలో పోస్టు చేస్తుంది. గొర్రెలను ఎవరికైనా అప్పజెప్పి నేనూ బయల్దేరతాను. అమ్మకు తుపాకుల సంగతి చదవొద్దు. పిల్లలకు దీవెనలు.

ఆ సైన్యం వాళ్ల తూటా లావు ఒకటే గానీ పొడవు వేరు, ఆ తుపాకిలో కూర్చోదు. నాకేం తెలుసన్నాడు గదా, నేను చెప్పలేదు.

మునీంద్ర