మోటరు తలకు ఆముదం

జనగామ మిషన్ దవాఖాన,
ఏప్రిల్ 1948.

పెద్దవంగర ముత్తయ్య మామగారికి, అత్తగారికి అల్లుడు యోహాను వందనాలు చేసి రాయునది.

ఇక్కడ నేను క్షేమమే, ఎడమ కాలి పిక్క తప్ప. దాని కథ తర్వాత. ముందు రాహేలు ఎలా ఉందో రాయండి. కాళ్ళకు నీరు దిగిందా? వేళకు తింటోందా? నిరుడు పసిగుడ్డు పోయి, రాహేలుకు నెత్తురు ఆగక మనం పడ్డ బాధ తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. ఈసారి కానుపు నాటికి నెత్తురు ఆపే సూదిమందు పట్టుకుని మీ ఇంట్లో ఉంటానని ఆమెకు మాటిచ్చాను. ఉంటాను.

బస్సు బందైంది. ఎడ్లబండి మీద రానూ పోనూ నాలుగు రోజులు. ఇక్కడ కంపౌండర్ని నేనొక్కడినే కాబట్టి డాక్టరమ్మ అన్ని రోజులు వదలదు. అందుకే తన మోటరు సైకిలు నాకిచ్చింది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్నదట. శనివారం దాని మీద దొరలా బయలుదేరాను.

రజాకార్ల లారీలు ఊళ్ళలోకి రాకుండా సంఘం వాళ్ళు రోడ్డుకు అడ్డంగా కందకాలు తవ్వారు. మంచి పనే. కాని ప్రతి కందకం దగ్గరా చేలల్లోకి దిగి, నడిచేవాడికంటే మెల్లగా పోవాలి. మెల్లగా పోతే ఇంజనుకు గాలి తగలదు. పైన ఎండ, కింద ఇంజను, మధ్యలో నేను. పాలకుర్తి చేరేసరికి నా పిక్క కాలింది, మోటరు ఆగింది. చల్లారేదాకా చింతచెట్టు కింద కూర్చుని వెనక్కి తిప్పుకొచ్చాను. ఏదో ఒక ఉపాయం చేసి వచ్చే శనివారం వస్తాను.

మీ అల్లుడు,
యోహాను.

తా.క.: పిక్క సంగతి రాహేలుకు చెప్పకండి. ఇక్కడ రోగులు నవ్వింది చాలు.

*

పెద్దవంగర.

చిరంజీవి అల్లుడు యోహానుకు మామ ముత్తయ్య దీవించి రాసేది.

రాహేలు మంచిగనే ఉన్నది. కాళ్లకు నీరు దిగింది గని తింటున్నది. పొద్దూకితే వాకిట్ల కూసొని తొవ్వ దిక్కు చూస్తది. పిక్క సంగతి చెప్పలే. ఉత్తరం ఆమెనే సదివి మాకు ఇనిపిచ్చింది.

నీ మోటరుకు వేడి చేసిందని ఇని మీ అత్త యాకమ్మ అన్నది గదా, "గింతదానికి పరేషాన్ ఏంది? మాడకు ఆముదం పెడితె ఎంత వేడైనా దిగుతది. దవాఖానల ఉండి గది గూడ తెల్వదా పిల్లగానికి?" అది ఇనుమే అని నేనన్న. "ఇనుమైతె ఏంది? తాగుతలేదా, ఉరుకుతలేదా, అలిగి కూసుంటలేదా?" అన్నది. 

నా మాట గూడ ఇను. ఎండకాలం నీళ్ల కుండకు ఏం చేస్తం? తడిగోనె సుడతం. ఇంజనుకు గట్లనే సుట్టు. దాని మీద పచ్చి వేపమండలు కట్టు. సల్లగ ఉండకపోతె నన్నడుగు.

ఇంకోటి. మోటరు సప్పుడు ఇనవడ్డదంటె రజాకార్ల లారీ అని ఊరంత వాగులకు ఉరుకుతది. కావలోళ్లు వడిసెలల్ల రాళ్లు పెట్టుకొని ఉంటరు. వచ్చేది ముందుగాల ఉత్తరంల రాయి, నేను ఊరోళ్లకు చెప్పుకుంట.

మీ మామ,
ముత్తయ్య.

తా.క.: మీ అత్త అడుగుతున్నది, మోటరుకు తల ఏ దిక్కు ఉంటది?

*

జనగామ.

మామగారికి యోహాను వందనాలతో రాయునది.

ఈ శనివారం కూడా రాలేకపోయాను. మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను, అదే కొంప ముంచింది.

ఇంజనుకు చుట్టూ ఇనుప రేకులుంటాయి. వాటి సందుల్లోంచి గాలి పోతేనే అది చల్లబడుతుంది. తడిగోనె ఆ సందులన్నీ మూసింది. కాసేపటికే ఆరి, పొగ లేచింది. పాలకుర్తి పక్కనే ఒక ఊళ్ళోకి వేపమండలతో, పొగతో, బుసకొట్టుకుంటూ పోయేసరికి ఆడవాళ్ళు అమ్మవారి బండి అనుకున్నారు. వాళ్ళ తప్పేముంది, చూస్తే నాకే అలా అనిపించింది. అమ్మవారిని చల్లబరచాలని బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి సాక పోయడం మొదలుపెట్టారు. "అవ్వా, వద్దు! నేను మిషన్ దవాఖాన కంపౌండర్ని" అని మొత్తుకున్నాను. మైసమ్మ అనే ముసలామె "నువ్వెవలవైతె ఏంది బిడ్డా? తల్లి సల్లగుండాలె" అని నిండు బిందె ఇంజను మీద కుమ్మరించింది. సుయ్‌మంది. ఇక కదల్లేదు.

మంచివాళ్ళు. నాకు పెరుగన్నం పెట్టి, మోటరును ఎడ్లబండికి కట్టి జనగామ చేర్చారు. ఇంజను పగల్లేదు, ఆరబెడితే మళ్ళీ మోగింది. కాని వేడి మాత్రం అలాగే ఉంది. కందకాలు లేని చోట కూడా కాలిపోతోంది, ఎందుకో అర్థం కావడం లేదు. రాహేలును ధైర్యంగా ఉండమనండి.

మీ అల్లుడు,
యోహాను.

తా.క.: మోటరుకు తల ఉండదని అత్తగారితో చెప్పండి.

*

పెద్దవంగర.

యోహానుకు ముత్తయ్య రాసేది.

నీ ఉత్తరం ఇంక రాలే గని నీ ఖబరు మాత్రం వచ్చింది. పాలకుర్తి అంగడికి పోయిన మా ఎల్లక్క కండ్లార చూసిందట. నువ్వు వేపమండలు కట్టుకొని ఊరేగుతున్నవట. ఆడోళ్లు బిందెలతోని నీళ్లు పోస్తున్నరట. నువ్వు అరుగు మీద కూసొని పెరుగన్నం తింటున్నవట. ఇక్కడ నీ పెండ్లాం నిండు నెలలతోని తొవ్వ చూస్తుంటె నీకు ఊరేగింపు కావలసి వచ్చిందా? రాహేలు అన్నం ముంగట నుంచి లేచి పోయింది.

ఇగ రేపో మాపో అన్నట్టున్నది. మోటరు మీద రాకుంటె మాయె, నడిచి రా. నిరుడు నా బిడ్డ నెత్తుట్ల పడి ఉంటె నేను వట్టి చేతులతోని గడపల నిలబడ్డ. మల్ల గట్ల నిలబడుడు నాతోని కాదు.

ముత్తయ్య.

తా.క.: ఈ ఉత్తరం తెచ్చేది తండా చాంద్యా. ఆయన చేతికి మీ అత్త ఒక పెద్ద సీస ఇచ్చింది. పుట్టే బిడ్డ మాడకని కాసి దాసిన ఆముదం. "మోటరు సల్లబడితెనే అల్లుడొస్తడు, బిడ్డకు మల్ల కాస్త" అంటది. తల ఎక్కడున్నదో నువ్వే దేవులాడుకో.

*

జనగామ.

మామగారికి యోహాను నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి దవాఖాన వెనక్కి పోయి ఏడ్చాను. ఊరేగింపు సంగతి నా పాత ఉత్తరం అందితే తెలుస్తుంది.

అత్తగారి మాట తీసేయలేక సీసా పట్టుకుని మోటరు చుట్టూ తల కోసం తిరిగాను. పక్కన ఒక డబ్బాకు టోపీలాంటి మూత ఉంది. ఇదే తల అయి ఉంటుందని విప్పాను. పుల్ల పెట్టి చూస్తే పొడిగా వచ్చింది. డాక్టరమ్మను అడిగాను. "నూనె డబ్బా అది! పెట్రోలు ఒక్కటే పోస్తున్నావా? నీకు చెప్పలేదా నేను?" అని నోరు తెరిచింది. చెప్పలేదు. లోపల ఇనుముకు ఇనుము ఒరుసుకుని కాలుతోంది మామా, ఇన్నాళ్ళూ!

జనగామ అంతా గాలించాను. బయటి నుంచి సరుకు రావడం బందై ఇంజను నూనె చుక్క దొరకలేదు. చేతిలో ఉన్నది ఆముదం. బిడ్డది. ప్రార్థన చేసి పోశాను. దవాఖాన చుట్టూ తిప్పి తిప్పి చూశాను. వేడెక్కింది కాని మునుపటిలా కాదు, ఆగలేదు.

రేపు కోడికూతకే బయలుదేరుతాను. కందకం దాటిన ప్రతిసారీ చెట్టు కింద ఆగి ఇంజనుకు ఊపిరి పీల్చుకోనిస్తాను. ఈ ఉత్తరం ఈ రాత్రికే అటు పోయేవాళ్ళ చేతికిస్తున్నాను, నాకంటే ముందే అందుతుంది. వచ్చే మోటరు నాదని ఊళ్ళో చెప్పండి, ఎవరూ ఉరకవద్దు. వడిసెలలు దించమనండి.

యోహాను.

తా.క.: పొగ మాత్రం పురిటింటి ఆముదం దీపం వాసన కొడుతోంది. ఎవరికి కానుపైందని రోగులు అడుగుతున్నారు.

*

పెద్దవంగర.

చిరంజీవి అల్లుడు యోహానుకు, వాని మోటరుకు మామ ముత్తయ్య దీవించి రాసేది.

రాహేలు లేచి కూసుంటున్నది. నీ బిడ్డ ఆకలైతె ఊరంత లేపుతున్నది. నువ్వు మల్ల డ్యూటికి పోయినంక ఇల్లు బోసిపోయింది.

నువ్వు వస్తున్ననని రాసిన ఉత్తరం ఇయ్యాల అందింది. మానుకోట మీదుగ తిరిగొచ్చిందట. బిడ్డకు పురుడు గూడ అయినంక! సదివి రాహేలు నవ్వుకుంట ఏడ్చింది. అందుకే నీకు చెప్పని సంగతి ఒకటి చెప్త.

ఆ దినం నువ్వు పొలిమేరల మమ్ముల చూసి, "మామా, ఊరంత ఎదురొచ్చిన్రు, రాహేలును గూడ మంచం మీద మోసుకొచ్చిన్రు" అని కండ్లనీళ్లు పెట్టుకున్నవు. గప్పుడు అవునని తల ఊపిన. ఎదురు ఎవలొచ్చిన్రు బిడ్డా? నువ్వొస్తవని ఎవలకు తెలుసు? మోటరు సప్పుడు ఇని అందరం వాగులకు ఉరుకుతున్నం. రాహేలుకు అప్పటికే నొప్పులు. మంచంతోనే ఎత్తుకున్నం, ఒక దిక్కు నేనే పట్టిన. కావలోళ్లు గట్టు మీద వడిసెలలు తిప్పుతున్నరు. ఇగ రాయి ఇడుస్తరు అనంగ గాలి మల్లింది. మీ అత్త ముక్కు ఎగబీల్సింది. ఉరికిపోయి ముంగట ఉన్న కావలి ముత్యాలు చెయ్యి పట్టుకున్నది. "ఆగుండ్రి! గిది నేను కాసిన ఆముదం! రజాకార్లకు నా ఆముదం ఏడ దొరుకుతది? అల్లుడొస్తున్నడు!" అని ఒకటే కేక. గప్పుడు లేచి నిలబడ్డం. నువ్వు మమ్ముల చూసి చెయ్యి ఊపినవు.

గా వాగు ఇసుకలనే కానుపాయె. ఈసారి గూడ నెత్తురు ఆగకపాయె. నువ్వు సూది ఏసినవు, ఆగింది. నీ చేతులు వణకలే. నేను వాటి దిక్కే చూస్తున్న. నడిచి రా అని రాసినందుకు మనసుల పెట్టుకోకు బిడ్డా. నడిచి వచ్చి ఉంటె మాకు రాహేలు దక్కకపోయేది.

మీ మామ,
ముత్తయ్య.

తా.క.: ఇప్పుడు ఊరోళ్లు మోటరు సప్పుడు ఇనంగనె ముందుగాల వాసన చూసి, గప్పుడు ఉరుకుతున్నరు. వేరే నూనె పోసుకొని మాత్రం రాకు.

మల్ల తా.క.: బిడ్డ మాడకు పెడదామంటె ఇంట్ల చుక్క ఆముదం లేదు. మోటరు తల ఇప్పి చూసి, ఏమన్న మిగిలితె గుడ్డల వడగట్టి పంపుమంటున్నది మీ అత్త.