లోపల వదిలిన గుడ్డ

అక్కా,

అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయని నవ్వుకోకు. రోజూ కాస్త కాస్తగా రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నీ మరదలు పక్కనే ఉంటుంది.

కండలు కరిగిపోయే ఈ జబ్బు సంగతి నీకు తెలిసిందే. ముందు కాళ్ళు పోయాయి. చక్రాల కుర్చీకి సర్దుకున్నాను. ఇప్పుడు చేతుల వంతు. పెద్ద కత్తెర ఎత్తలేకపోతున్నాను. కొట్లో గుడ్డ కోసేది, కుట్టేది అంతా నీ మరదలే. నేను టేపు మెళ్ళో వేసుకుని కూర్చుని, భుజం దగ్గర లూజు చాలదని పెత్తనం చేస్తుంటాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఒళ్ళు సగమైపోయినా నా పాత చొక్కాలు నాకు సరిగ్గానే పడుతున్నాయి. మొన్న బొత్తాలు పెడుతూ, "చూశారా, మీరేం తగ్గలేదు, అతికినట్టుంది" అంది. అవునన్నాను. తను అటు వెళ్ళగానే పక్క కుట్టు తడిమి చూశాను. నేను నేర్పిన కుట్టు నాకు తెలియదా? నేను కునుకు తీసినప్పుడల్లా చొక్కాలన్నీ బిగిస్తోంది. పైగా లోపలి గుడ్డ కోసెయ్యకుండా మడిచి వదిలింది. అలా ఎందుకు వదులుతామో దర్జీ కూతురివి, నీకు చెప్పాలా? రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి. ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు ఇద్దరి ముందూ చెప్పాడు. అయినా పిచ్చిది ఆశ పెట్టుకుని కూర్చుంది.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. నన్ను ఎత్తలేక దాని నడుం పడిపోతోంది. ఊరవతల ఇలాంటి వాళ్ళని చూసుకునే హోమ్‌లో మంచం ఖాళీ ఉందట. ఆదివారం తను చెల్లెలింటికి వెళ్తుంది. అప్పుడు బావతో కారు తీసుకుని రా. ఎదురుగా ఉంటే అది పంపదు, నేనూ కదలలేను.

నీ తమ్ముడు

---

అక్కా,

దస్తూరీ చూసి కంగారు పడకు. చెప్పేది నేను, రాసేది నీ మరదలు. అంటే బండారం బయటపడిందని నీకు అర్థమయ్యే ఉంటుంది.

నిన్న స్నానం చేయిస్తూ నా పక్కటెముకల మీద పుండు చూసింది. మడత పెట్టిన గుడ్డ రోజంతా ఒత్తుకుని చర్మం లేచిపోయింది. చొక్కా తిరగేసి, లోపలి మడత తడిమి చూసింది.

"మీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు."

"తెలిసి పుండు పడేదాకా ఊరుకున్నారా?"

"నువ్వు దాచుకున్నావు. ఎలా కోసెయ్యమంటాను?"

తడి నేల మీదే చతికిలబడి ఏడ్చింది. ఇక నావల్ల కాక హోమ్ సంగతి కూడా చెప్పేశాను. "నేను గుడ్డ దాచాను. మీరు మనిషినే దాచెయ్యాలనుకున్నారు" అంది.

తరవాత పెద్ద కత్తెర తెచ్చి, నా వేళ్ళు పిడిలో దూర్చి, పైన తన చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి ఒక్కో చొక్కా లోపలి గుడ్డ కోశాం. ఆ పీలికలన్నీ పొరలు పొరలుగా పేర్చి వెడల్పు పట్టీ కుట్టింది. దాన్ని నా నడుముకి కట్టి రెండువైపులా పట్టుకుని లేపాలట. అవతలి వైపు పట్టుకోడానికి మనిషి కావాలి. ఆదివారం బావని రమ్మను. నన్ను తీసుకెళ్ళడానికి కాదు, లేపడం నేర్చుకోడానికి. నేనెక్కడికీ వెళ్ళను. వచ్చే నెల చొక్కాలు మళ్ళీ బిగించాలి. ఈసారి నా ఎదురుగానే టేపు పెట్టి కొలుస్తానంది.

నీ తమ్ముడు

వదినా, ఇది నా మాట. ఆయనకి కనపడకుండా కాగితం ఇటు తిప్పుకుని రాస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో ఆయన తనకోసం కుట్టుకున్న నీలం చొక్కా ఒకటి ఉంది. అది మాత్రం కత్తెర దాకా తేలేదు. ఆయన వేసుకోరులెండి. బట్టల అడుగున దాచాను. దాంట్లో గుడ్డ అలాగే ఉంది.

మీ మరదలు